శారమ్మ ముక్కు

బోధన్ రాకాసిపేటలో శారమ్మ ఇల్లెక్కడని అడిగితే, ఏ శారమ్మ అని ముందు ఎదురు ప్రశ్న వేస్తారు. మెథడిస్టు చర్చికి వచ్చేవాళ్లలోనే ఆ పేరుగల వాళ్లు చాలామంది. "వేరు గొడుగుల శారమ్మ" అన్నామా, ఇక ప్రశ్నలుండవు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గడప ముందు నిలబెడతారు. దారిలో, ఈ ఏడు గొడుగులు ఎప్పుడు తెస్తుందో కాస్త కనుక్కోమని మనకే పని పురమాయిస్తారు కూడా.

గొడుగులంటే వానకు పట్టుకునేవి కావు, తినేవి. పుట్టల మీద లేచే పుట్టగొడుగులు లోకానికంతా తెలుసు. ఇవి వేరే. సిరికొండ అవతల గుట్టల్లో, నాలుగు మంచి వానలు పడ్డాక, నల్లమద్ది చెట్ల వేళ్ల మీద గుత్తులు గుత్తులుగా లేస్తాయి. మీగడ రంగు, పొట్టి కాడ, చేతికి బరువు తెలిసే మందం. వీటి ముందు మాంసం ఎందుకు పనికొస్తుంది అంటారు తిన్నవాళ్లు. అది కాస్త ఎక్కువ మాటే. అయినా కూర నోట్లో ఉన్నప్పుడు ఎవరైనా అంత మాట అనేస్తారు.

శారమ్మ పుట్టింది ఆ గుట్టల కిందే. తల్లి వెంట అడవికి పోయి నేర్చుకుంది. గొడుగు కనబడగానే చెయ్యి వెయ్యకూడదు. అది లేచిన వేరు పట్టుకుని, ఆకులు తోసుకుంటూ, మట్టి గీకుకుంటూ, ఆ వేరు ఏ చెట్టుదో మొదలు దాకా పోయి చూడాలి. అడవిలో వేళ్లు హద్దురాళ్లు పాతుకుని కూర్చోవు, ఒకదాని కింద నుంచి ఒకటి దూరిపోతాయి. నల్లమద్ది కింద కనబడ్డ వేరు నల్లమద్దిదే అనుకుంటే అంతే సంగతులు. పక్కన విషముష్టి చెట్టుందంటే దాని వేరు ఇటు వచ్చి ఉండొచ్చు, దాని మీద లేచింది కూడా ఇలాగే మీగడ రంగులో ముద్దొస్తూ ఉండొచ్చు. చెట్టు తేలాక ఒక గొడుగు తుంచి వాసన చూడాలి. ఆఖరి మాట ముక్కుదే.

ఆ వాసన ఎలా ఉండాలో తల్లి ఏనాడూ మాటల్లో చెప్పలేదు. ఇది మంచిది చూడు అని ఒకటి ముక్కు కింద పెట్టేది, ఇది కాదు చూడు అని ఇంకొకటి పెట్టేది. దేనిలా ఉంటుందవ్వా అని చిన్న శారమ్మ తల్లిని అడిగితే, దేనిలాగో ఉంటే దాన్నే వండుకునేవాళ్లం కదా, ఇంత దూరం ఎందుకు వస్తాం అనేది. అలా ఆ వాసనకు పేరు లేదు, పోలిక లేదు. ముక్కుకు తెలుసు, అంతే.

ఇంకో కట్టు కూడా ఉంది. తెచ్చిన చెయ్యే ముందు తినాలి. ఆ సాయంత్రం కొంచెం వండుకుని తెచ్చిన మనిషి ఒక్కతే తింటుంది. మిగతావాళ్లు మర్నాడు తింటారు. ఎంత ఆకలిగా ఉన్నా, చుట్టాలు వచ్చి కూర్చున్నా, ఈ కట్టు తప్పింది లేదు.

బోధన్‌కు కోడలిగా వచ్చాక కూడా శారమ్మ ప్రతి వానాకాలం పుట్టిల్లు పేరు చెప్పి అడవికి పోయి వచ్చేది. భర్త ఏసయ్య చెరకు బండి తోలేవాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక బెల్లం గానుగ దగ్గర పెనం కింద మంట వేసే పనికి కుదిరాడు. మాటకారి. మా ఆవిడకు పుట్టింటి మీద ప్రేమ కాదు, పుట్టింటి చెట్ల మీద ప్రేమ అని అందరిలో అని నవ్వించేవాడు. గంప దిగగానే మాత్రం అందరికన్నా ముందు పీట వేసుకుని కూర్చునేది ఆయనే. రేపు కదా తినేది అని కసిరితే, చూస్తే పాపమా అనేవాడు.

అలా ఏళ్లు గడిచేసరికి శారమ్మ మాటకు ఊళ్లో ఒక విలువ వచ్చింది. శారమ్మ తెచ్చిందంటే కళ్లు మూసుకుని తినొచ్చన్నారు జనం. చౌరస్తా దగ్గర తాతలనాటి గాజుల దుకాణం ఖైరున్నిసా వాళ్లది. ఎప్పుడో కొత్త కోడలుగా గాజులకు పోయిన శారమ్మ, ఇన్ని గొడుగులు ఇచ్చి చేతి నిండా గాజులు వేయించుకుని వచ్చింది. అప్పటినుంచి ఖైరున్నిసా ఆమెకు అక్కతో సమానం, ఆపా అయింది. మర్నాడు పోయే మొదటి గిన్నె ఆపా ఇంటికే. ఆమె వాటిని గరం మసాలా వేసి దమ్ము పెడితే వీధంతా తలుపులు తీసి నిలబడేది.

రెండో కరోనా వచ్చినప్పుడు ఏసయ్యకూ శారమ్మకూ ఒకేసారి జ్వరం తగిలింది. నిజామాబాద్ తీసుకుపోయిన ఏసయ్య ఇక తిరిగి రాలేదు. శారమ్మ లేచి కూర్చుంది. ఆయన పేరు మీద ఆదరణ కూడిక పెట్టిన రోజు, పెరట్లో పెద్ద గిన్నెలో మాంసం ఉడుకుతుంటే ఆమె పక్కనే నిలబడి ఉంది. ఆవిరి ముఖానికి తగిలింది, వేడి తగిలింది, వాసన తగల్లేదు. ఏడ్చి ఏడ్చి ముక్కు దిబ్బడేసిందనుకుంది. నెల పోయినా రాలేదు. ఏడాది తిరిగినా రాలేదు. మందుల దుకాణంలో అడిగితే కొందరికి వస్తుంది, కొందరికి రాదు అన్నాడు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దూ, ఆమెకు సిగ్గేసింది. మనిషే మట్టిలో కలిసిపోయాక ముక్కు గురించి ఏడవడమేమిటి? నలుగురు వచ్చి ఏసయ్య ఎంత మంచివాడని చెప్పి పోతుంటే, వాళ్ల ముందు నాకు కూర వాసన రావడం లేదని ఎలా అంటుంది? ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడు వానాకాలాలు దాటించింది. దాటించినకొద్దీ చెప్పడం మరీ కష్టమైంది.

గొడుగులు మానలేదు. వాగు పక్కన తల్లి నాటి నుంచి కోస్తున్న రెండు నల్లమద్ది చెట్లున్నాయి. వాటి వేళ్లు ఎటు పోయిందీ ఎటు తిరిగిందీ ఆమెకు తన చేతి గీతల కన్నా బాగా తెలుసు. వాటి దగ్గరే కోసుకుని వచ్చేది. ఇంకెక్కడ ఎన్ని విరగలేచి కనబడినా తల తిప్పుకునేది. ఈ ఏడు ఇంతేనా శారమ్మా అని జనం గునిస్తే వానలు బాగా లేవని వానల మీదకు తోసేది. అది మోసమేమీ కాదని, భద్రమేనని తనకు తాను చెప్పుకుంది.

ఇంట్లో మాత్రం దాచడం అంత తేలిక కాలేదు. పాలు పొంగి మాడిపోయేవి, పక్క గదిలో ఉండి కూడా లేచేది కాదు. ఒకసారి గ్యాసు తిప్పి అంటించడం మరిచి పెరట్లోకి పోయింది. పాచిపోయిన పప్పు పోపు వేసి వడ్డించింది. కోడలు దీవెన జక్రాన్‌పల్లి పిల్ల. మనసు మంచిదే గానీ నోటికి తాళం లేదు. ధ్యానం ఎక్కడుంటుందత్తమ్మా, ఇల్లు తగలబెడతావా అని విరుచుకుపడింది. శారమ్మ మాట పడి ఊరుకుంది.

ఆ దీవెనకే, పెళ్లయి ఏళ్లు గడిచాక, రెండు సార్లు కడుపు వచ్చి పోయాక, ఈ ఏడు కడుపు నిలిచింది. నిలిచిన నాటి నుంచి పిల్లకు వేవిళ్లు మొదలయ్యాయి. అన్నం ఉడికితే వాంతి, సబ్బు వాసనకు వాంతి, మూడిళ్ల అవతల ఎవరో చేపలు వేయించినా వాంతి. భర్త విజయ్ పాల్ నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు తోలే ట్రాలీ ఆటో నడుపుతాడు. ఇంటికి రాగానే అతన్ని గడప దగ్గరే ఆపి, పసుపు కంపు కడుక్కుని రమ్మని నల్లా దగ్గరికి తరిమేది. ఒకే ఇంట్లో ఒకామెకు ఏ వాసనా రాదు, ఇంకొకామెకు ఊళ్లో ఉన్న వాసనలన్నీ వస్తాయి. దేవుడు పంచడంలో ఎక్కడో పొరపాటు పడ్డాడని శారమ్మ లోపల్లోపల నవ్వుకునేది, ఆ నవ్వులో ఏడుపు కూడా ఉండేది.

పిల్ల చిక్కి సగమైంది. ఏం తింటావు బిడ్డా అంటే ఏమీ వద్దని గోడకు తిరిగి పడుకునేది. అలాంటిది ఒకరోజు పొద్దున్నే లేచి కూర్చుని, వేరు గొడుగుల కూర తినాలనుంది అంది.

శారమ్మ గుండె ఒక్కసారి ఎగిరింది, వెంటనే జారింది. పెళ్లయిన నాటి నుంచి దీవెన వాటిని ముట్టలేదు. మన్నులో లేచినవి నేను తినను పొమ్మనేది. అట్లాంటి పిల్ల ఇప్పుడు నోరు తెరిచి అడిగింది. కడుపుతో ఉన్న మనిషి కోరిక కాదనే ఆడది ఆ వీధిలో లేదు. సంగతి మధ్యాహ్నానికల్లా ఆపా దుకాణం దాకా పోయింది. ఇంకా కూర్చున్నావేం శారమ్మా, లే, బస్సెక్కు అని ఆమె అక్కడి నుంచే కబురు పంపింది.

మర్నాడు మొదటి బస్సుకు బోధన్‌లో ఎక్కి, నిజామాబాద్‌లో మారి, ధర్పల్లి మీదుగా సిరికొండకు పోయింది. ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు లేని రోజులు కదా, బస్సు నిండా ఆడవాళ్లే. ఒంటి కాలి మీద నిలబడి వెళ్లింది. తమ్ముడి ఇంట్లో సంచి పడేసి, వాళ్లు పోసిన చాయ్ సగం తాగి, కొడవలి గంపలో వేసుకుని గుట్ట ఎక్కింది.

వాగు దగ్గరికి పోయేసరికి కాళ్లు ఆగిపోయాయి. రెండు చెట్లలో పెద్దది వేళ్లతో సహా పెల్లగిలి వాగుకు అడ్డంగా పడి ఉంది. మొన్నటి గాలివాన పని. వేళ్లు ఆకాశంలోకి లేచి, మట్టి ఆరిపోయి వేలాడుతున్నాయి. రెండో చెట్టు కింద గీకి చూసింది, ఆకులు తోసి చూసింది. ఒక్క మొగ్గ కూడా లేవలేదు. ఇంకో రెండు మూడు వానలు పడాలి. ఇంటి దగ్గర పిల్ల నీళ్లు తాగి పడుకుని ఉంది.

అలాగే పైకి పోయింది. బుద్ధి వద్దంటున్నా కాళ్లు పోయాయి. ఒక బండ పక్కన కనబడ్డాయి. అబ్బ, ఎన్ని! అంత పెద్ద గుత్తి ఆమె వాళ్లమ్మ కాలంలో కూడా చూడలేదు. పిడికిలి లావు వేరు, దాని పొడవునా మీగడ ముద్దలు. శారమ్మ కూర్చుని ప్రార్థన చేసుకుంది, వేరు పట్టుకుని గీకుకుంటూ బయల్దేరింది. వేరు బండ కిందికి దూరింది. బండకు అవతల రెండు చెట్లున్నాయి. ఒకటి మొసలి తోలులాంటి బెరడుతో నల్లమద్ది. ఇంకొకటి నారింజ రంగు కాయలతో విషముష్టి. అవతలి పక్క ఎంత తవ్వినా బండ కింద ఆ వేరు ఎటు తిరిగిందో తేలలేదు. బండ కదిలేది కాదు.

ఒక గొడుగు తుంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. చల్లగా తగిలింది. అంతకు మించి ఏమీ లేదు. ఇంకా గట్టిగా పీల్చింది, కళ్లలో నీళ్లు వచ్చేలా పీల్చింది. ఏమీ లేదు.

వాళ్లమ్మ అయితే అక్కడి నుంచి లేచి వెనక్కి చూడకుండా దిగిపోయేది. శారమ్మకూ ఆ సంగతి తెలుసు. కానీ గోడకు తిరిగి పడుకున్న పిల్ల వీపు కళ్ల ముందు ఉంది. వేరు మద్ది వైపే వంగినట్టుంది కదా అనుకుంది. రంగు అదే, కాడ అదే అనుకుంది. ఎలాగూ ముందు నేనే తింటాను, పోతే నేనే పోతాను అని కూడా అనుకుంది. మనసుకు కావలసింది ఉన్నప్పుడు మనిషి ఎన్ని సాకులైనా వెతుక్కుంటుంది. తెలియని వేరు మీద కొడవలి పెట్టి గంప నింపింది.

తిరుగు బస్సులో ఆ సాకులు ఒక్కొక్కటే ఊడిపోయాయి. చిన్నప్పుడు వాళ్ల వాడలోనే ఒక ఇంటాయన గొడుగులు తిని మర్నాడు హాయిగా నాగలి కట్టాడు. మూడో నాడు మంచం పట్టాడు, లేవలేదు. తెచ్చిన చెయ్యి ముందు తినాలన్న కట్టు మంచిదే గానీ, ఒక్క రాత్రి ఏం చెబుతుంది? తాను పొద్దున బాగుంటే దీవెన తింటుంది. దీవెనతో పాటు లోపలున్నది తింటుంది. గంపలో ఏముందమ్మా అని పక్కనామె గుడ్డ ఎత్తబోతే శారమ్మ ఆమె చెయ్యి తోసేసింది.

బస్సు దిగి ఇంటికి పోలేదు, గాజుల దుకాణానికి పోయింది. ఖైరున్నిసా ముప్పై ఏళ్లుగా ఆ గొడుగులు వండిన మనిషి. ఆమె ఒకసారి వాసన చూస్తే చాలనుకుంది. ఆపా, ఒక్కసారి వీటి వాసన చూడు అని గంప ఆమె ఒళ్లో పెట్టింది.

ఖైరున్నిసా గుడ్డ కూడా తీయలేదు. "నీ ముక్కు చూసినంక మళ్ల నా ముక్కెందుకు శారమ్మా" అని నవ్వి గంప తిరిగి చేతికిచ్చింది. "పో, పిల్ల ఎదురు చూస్తుంటది."

శారమ్మ ఇంకోసారి అడగలేకపోయింది. అడిగితే ఎందుకని అడుగుతుంది కదా.

ఇంట్లో దీవెన మసాలా నూరి పెట్టుకుని కూర్చుంది. ఎన్నో రోజుల తర్వాత తల దువ్వుకుంది. అత్త గడప దాటకముందే లోపల నుంచి, వచ్చాయి కదా, నాకు తెలిసిపోయింది అని కేకేసింది. గంప దించగానే వంగి గుండెల నిండా పీల్చింది. వాంతి రాలేదు. ఇంకా కావాలన్నట్టు ముఖం దగ్గరికి తీసుకుంది. ఆ ముఖంలో వచ్చిన వెలుగు చూసి, ఇదే దేవుడిచ్చిన గుర్తు అనుకోవాలని శారమ్మకు ఎంతో అనిపించింది.

"ఎట్లున్నది బిడ్డా వాసన?" అని అడిగింది.

దీవెన ఆలోచించింది. "పలక కడిగినప్పుడు వస్తది సూడు అత్తమ్మా, గట్ల. జర తియ్యగ."

శారమ్మ పాత రోజులన్నీ తిరగేసింది. పలక వాసనా? తియ్యగానా? ముక్కుకు తెలిసినదాన్ని మాటల్లో ఎక్కడా దాచుకోలేదు కదా, ఇప్పుడు ఏ మాట తెచ్చి దానితో పోల్చాలి? పైగా ఈ పిల్ల మంచి గొడుగును తుంచి ఏనాడూ వాసన చూడలేదు. దీవెనకు నచ్చింది. నచ్చడం వేరు, తెలియడం వేరు. ఔననడానికి తనకు ఆధారం లేదు, కాదనడానికీ లేదు. లేనప్పుడు ఏం చెయ్యాలో మాత్రం తెలుసు. పొద్దున బండ దగ్గర కూడా తెలుసు.

గంప ఎత్తుకుని పెరట్లోకి పోయింది. గడ్డపారతో మోకాలి లోతు గుంట తీసి, గొడుగులన్నీ అందులో కుమ్మరించి, పైన ఫినాయిల్ సీసా బోర్లించి మట్టి కప్పింది. కాలితో తొక్కింది కూడా.

దీవెన గుమ్మంలో నిలబడి అంతా చూసింది. మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక గొల్లుమంది. "నాకు పెట్టుడు ఇష్టం లేకుంటే చెప్పరాదా అత్తమ్మా. నేను తిట్టినవన్నీ మనసుల పెట్టుకున్నవా?" అప్పుడే ఆటో ఆపి లోపలికి వచ్చిన విజయ్ పాల్ సంగతి విని తల్లి మీద మండిపడ్డాడు. అంత దూరం పోయి తెచ్చింది మట్టిలో పోయడానికా, అది ఏమీ తినక చస్తుంటే నీకు తమాషాగా ఉందా అన్నాడు. గోడ అవతల నుంచి ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు.

శారమ్మ చేతుల మట్టి చీరకు తుడుచుకుంది. ఇప్పుడు పురుగు పట్టిందని అనొచ్చు. కుళ్లిపోయాయని అనొచ్చు. ఆ అబద్ధంతో ఇంకో వానాకాలం గడుస్తుంది.

"నాకు ముక్కు లేదు బిడ్డా" అంది కొడుకుతో. "మీ బాపు పోయినప్పుడే పోయింది. మూడేండ్ల సంది ఏ వాసనా వస్తలేదు. అవి మంచియో కాదో నాకు తెల్వదు. తెల్వక తెచ్చిన."

విజయ్ పాల్ చేతిలో తాళం చెవి పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. ఎందుకు చెప్పలేదని అడిగాడు చివరికి, గొంతు తగ్గించి. ఏమని చెప్పాలిరా అంది శారమ్మ. మనిషి పోతే ఏడవాలి గానీ ముక్కు పోయిందని ఏడుస్తారా అంది. అని, అక్కడే గడప మీద కూలబడింది. మూడేళ్లుగా మోసిన బరువు దిగితే తేలిగ్గా ఉంటుందనుకున్నది గానీ ముందు ఒంట్లో సత్తువంతా పోయింది.

దీవెన ఏడుపు ఆగింది. ఆమె ముఖంలో ఒక్కొక్కటే వచ్చి పోతుండటం శారమ్మ చూసింది. మాడిన పాలు, గ్యాసు, పాచిపోయిన పప్పు.

"నిన్ను ఎన్ని మాటలన్న" అంది దీవెన.

"అన్నవు" అని ఒప్పుకుంది శారమ్మ. అనలేదని ఆమె అబద్ధమాడలేదు. ఆ మాటలు నిజంగానే తగిలాయి.

తర్వాత కొడుకును పిలిచి గాజుల దుకాణానికి పొమ్మంది. ఈ ఏడు గొడుగులు లేవని, ఎందుకు లేవో కూడా చెప్పి రమ్మంది. దాచకు, శారమ్మ ముక్కు పనిచెయ్యడం లేదని చెప్పు, అందరికీ తెలియాలి అంది. విజయ్ పాల్ కాస్త నసిగాడు. ఇన్నేళ్ల పేరు ఒక్క పూటలో పోతుందమ్మా అన్నాడు. పోతే పోనీ, ఎవరి ప్రాణమూ పోలేదు కదా అంది. అంత తేలిగ్గా అన్న మాట కాదది. ఆమెకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

అతను వెళ్లాక దీవెన లోపలికి పోయి చల్లటి పచ్చిపులుసు కలుపుకుని, అన్నంలో పోసుకుని, గడప దగ్గరికే తెచ్చుకుని కూర్చుంది. ఓ నాలుగు ముద్దలు లోపలికి పోయాయి. కూర తినాలని లేదా అంటే, ఇప్పుడు లేదంది. అత్తాకోడళ్లు కాసేపు వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. దీవెన అడగకుండానే, ఎదురింట్లో కొత్తిమీర తరుగుతున్నారని, ఎవరో బీడీ కాల్చి పోయారని, వాన మళ్లీ వచ్చేలా ఉందని ఏదో ఒకటి చెబుతూనే ఉంది. శారమ్మ విని తలాడిస్తూ, ఉన్నట్టుండి లేచి లోపలికి పోయింది.

రేకు పెట్టె తీసిన చప్పుడైంది. ఒక పాత నీలం అంగీ పట్టుకుని వచ్చింది. నిజామాబాద్ తీసుకుపోయే ముందు ఏసయ్య ఒంటి మీద నుంచి విప్పిన అంగీ అది. ఉతకలేదు. ఉతకకుండా దాచింది, ఎప్పటికైనా ముక్కు వస్తే చూసుకోవచ్చని. చాలా రాత్రులు దాన్ని ముఖం మీద వేసుకుని పడుకుంది, ఒట్టి బట్టే తగిలింది.

"నీకు అన్నీ వస్తున్నయి గదా బిడ్డా" అంది. "గీ అంగీల మీ మామ వాసన ఇంకా ఉన్నదా, సూసి చెప్పు."

దీవెన కంచం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, అంగీని రెండు చేతులా అందుకుంది. కాలరు దగ్గర చూసింది. చంకల దగ్గర చూసింది. జేబులో ముక్కు పెట్టి చూసింది. మళ్లీ కాలరు దగ్గరికి వచ్చింది. శారమ్మ ఆమె ముఖమే చూస్తోంది. ఉందన్న మాట దీవెన పెదాల దాకా వచ్చింది. అది రావడం శారమ్మ స్పష్టంగా చూసింది. ఆ మాట కోసం ప్రాణం లేచి వచ్చింది కూడా. దీవెన నోరు మూసుకుంది. కళ్లు నిండాయి.

"పురుగు పట్టకుండ ఏసిన డాంబర్ గోలీల వాసనొస్తుంది అత్తమ్మా. పెట్టె తుప్పు వాసనొస్తుంది. మామది లేదు."

అప్పుడు ఏడ్చింది శారమ్మ. ఆదరణ కూడికలో కూడా అలా ఏడవలేదు. దీవెన పక్కకు జరిగి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఊరుకో అనలేదు.

చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, "ఉన్నదంటవనుకున్న" అంది శారమ్మ. "అంటే నమ్మెటిదాన్ని. నాకు ఎట్లా తెలుస్తది?"

"అనాలనే ఉండె" అంది దీవెన.

"తెలుసు. నువ్వు అనలే." శారమ్మ కోడలి ముఖంలోకి చూసింది. "గొడుగులు కోసేటోళ్లకు గంతే కావాలె. పొద్దున నాకు గదే లేకపాయె. వాగు పక్క చెట్టు ఇంకొకటి ఉన్నది. కాన్పయినంక నా ఎంట రా. వేరు నేను పట్టిస్త, వాసన నువ్వు పట్టు."

దీవెన సరేనంది. ఇప్పుడే పోదామన్నా వచ్చేలా ఉంది ఆమె వాలకం.

శారమ్మ అంగీని తిరిగి పెట్టెలో పెట్టలేదు. నల్లా కింద బకెట్టు పెట్టి, నీళ్లు పట్టి, సబ్బు వేసి నానబెట్టింది. నీళ్లలో దాన్ని అటూ ఇటూ తిప్పి, బట్ట ఇంకా గట్టిగానే ఉందని, మెత్తటి నూలని, చింపి కుడితే పుట్టేవాడి కిందికి నాలుగు గుడ్డలవుతాయని అంది.